స్కువాల దోపిడీ: షెట్లాండ్ కొండ అంచున కూర్చుని చూసే, లెక్క రాసే పద్ధతి

స్కువా అంటే ఇతర సముద్ర పక్షుల్ని వెంటాడి వాటి చేపను లాక్కునే పక్షి. దాన్ని వెతుక్కుంటూ కూర్చుంటే సగం రోజు ఊరికే పోతుంది. నీళ్లకు దగ్గరగా ఎగిరే ఆ గోధుమరంగు పక్షి దుర్భిణిలో దొరికేసరికి వెంటాట అయిపోతుంది. అందుకే చేప మోసుకొస్తున్న పక్షిని పట్టుకుని దాని వెంటే చూపు తిప్పండి. దొంగ తనంతట తనే వచ్చి చూపులో పడతాడు.

స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల్లో సంబర్గ్ హెడ్ దీనికి మంచి చోటు. జూన్, జూలై నెలల్లో వెళ్లండి. ఆగస్టు మొదటికే, బొరియల్లో గూడు పెట్టే సముద్ర పక్షులైన పఫిన్‌లు సముద్రంలోకి వెళ్లిపోతాయి. జూన్‌లో దాదాపు 19 గంటలు వెలుతురు ఉంటుంది కాబట్టి తొందరపడనక్కర్లేదు. సూర్యుడు వీపు వెనక ఉండేలా, గాలి తగలని గోడ పక్కన కూర్చోండి. గడ్డి అంచు దాకా పోవద్దు: పఫిన్‌ల బొరియల వల్ల కింద నేల గుల్లబారి ఉంటుంది.

8×42 దుర్భిణి (8 రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మి.మీ.) చాలు. స్కోప్ (చిన్న టెలిస్కోప్) ఉంటే 25–30 రెట్ల దగ్గరే ఉంచండి. 60కి పెంచితే గాలికి బొమ్మ వణుకుతుంది, మలుపు తిరిగిన పక్షి తప్పిపోతుంది. ట్రైపాడ్ కాళ్లు సాగదీయకుండా, దానికి సంచి వేలాడదీసి కూర్చుని చూడండి.

ఇక్కడ దొంగలు రెండు రకాలు. ఆర్కిటిక్ స్కువా సన్నగా, డేగ వాటంగా ఉంటుంది. తోక మధ్యలో రెండు ఈకలు మొనదేలి బయటికి పొడుచుకొస్తాయి. రెక్కలు విప్పితే 107–125 సెం.మీ. గ్రేట్ స్కువాను అక్కడివాళ్లు బాంక్సీ అంటారు. అది కిలోకు పైనే తూగే బండ పక్షి, రెక్కలు విప్పితే 125–140 సెం.మీ. రెండింటికీ రెక్కల చివరి భాగంలో తెల్లమచ్చ మెరుస్తుంది. గల్ అనే సముద్ర పక్షుల్లో పెద్దవాటి గోధుమరంగు పిల్లల్ని స్కువాలనుకోవడం కొత్తవాళ్ల మొదటి పొరపాటు. వాటికి ఆ మెరుపు ఉండదు.

చేప ఎక్కడుందో తెలిస్తే వెంటాట ఎలా ముగుస్తుందో ముందే ఊహించవచ్చు. పఫిన్ ముక్కులో శాండ్‌ఈల్ చేపలు అడ్డంగా వేలాడుతుంటాయి, టెర్న్ అనే సన్నటి సముద్ర పక్షి ముక్కులోనూ చేప కనిపిస్తుంది. ఇవి వదిలేస్తే చాలు, ఆర్కిటిక్ స్కువా చేప నీళ్లలో పడకముందే గాలిలోనే అందుకుంటుంది. కిట్టివేక్ అనే చిన్న గల్, గానెట్ అనే పెద్ద సముద్ర పక్షి చేపను మింగి తెస్తాయి, స్కువా వాటిచేత కక్కించాలి. బాంక్సీ అయితే తనకంటే రెండింతలు బరువున్న గానెట్‌ను రెక్క కొసనో తోకనో ముక్కుతో పట్టి నీళ్లలోకి పడగొడుతుంది. అంత మొరటు పని చిన్న స్కువా చేయలేదు, వేగాన్నీ మలుపుల్నీ నమ్ముకుంటుంది. పఫిన్ నీళ్లలోకి మునిగి తప్పించుకోగలదు, బొరియలోకీ దూరగలదు. టెర్న్‌కు ఆ వీలు లేదు.

నోటుపుస్తకంలో ఒక్కో వెంటాటకు ఒక్కో వరుస: సమయం, బాధిత పక్షి, స్కువాలు ఎన్ని, ఎన్ని సెకన్లు, చేప వదిలిందా, ఎవరు తీసుకున్నారు. బాధిత పక్షి దారి మళ్లిన క్షణం నుంచి సెకన్లు లెక్కించండి. స్కువా పక్కనుంచి పోవడం వెంటాట కాదు. కొండ చాటుకు పోయి ఫలితం కనబడకపోతే ‘తెలియదు’ అని రాయండి, వరుస కొట్టేయొద్దు. కొట్టేస్తే కళ్లముందు ముగిసినవే మిగిలి, దొంగల నెగ్గుబాటు లెక్క తప్పుతుంది. ఇద్దరుంటే ఒకరు చూపు మరల్చకుండా చెబుతుండాలి, రెండోవారు రాయాలి. ఒక్కరే ఉంటే ఫోన్‌లో మాట రికార్డు చేసుకోవడమే మేలు.

దీవుల లోపలి బీడు నేలల్లో నడిచేటప్పుడు స్కువా నేరుగా తల మీదికి దూకితే గూడు దగ్గరికొచ్చారన్నమాట. కర్రో ట్రైపాడో తలకంటే ఎత్తుగా పట్టుకోండి, అది ఎత్తైన కొన మీదికే దూకుతుంది. వచ్చిన దారినే వెనక్కి తిరగండి. మీరు నిలబడ్డంతసేపూ గుడ్లు చల్లబడుతుంటాయి. చచ్చిన పక్షిని ముట్టుకోవద్దు: 2021–22 బర్డ్ ఫ్లూలో బాంక్సీలు పెద్ద సంఖ్యలో చనిపోయాయి.

అంతదూరం పోలేనివారు చలికాలంలో కాకినాడ తీరంలో గోధుమతల గల్‌లను చూడండి. టెర్న్‌ల ముక్కుల్లో చేప కనబడితే అవీ వెంటపడతాయి. పట్టిక ఇదే సరిపోతుంది, కాకపోతే ‘స్కువాలు ఎన్ని’ అన్నచోట ‘గల్‌లు ఎన్ని’ అని మార్చుకోవాలి.