మెడోస్వీట్ పూల కషాయం: వాడే పద్ధతి, పాటించాల్సిన జాగ్రత్తలు

యూరప్‌లోనూ పశ్చిమాసియాలోనూ చెమ్మ ఆరని పచ్చికబయళ్లలో, వాగుల ఒడ్డున మెడోస్వీట్ అనే మొక్క ఒకటి రెండు మీటర్ల ఎత్తు పెరిగి, జూన్ నుంచి ఆగస్టు దాకా మీగడరంగు పూలను గుత్తులు గుత్తులుగా పూస్తుంది. జలుబు చేసినప్పుడు, కీళ్లు కాస్త నొప్పిగా ఉన్నప్పుడు దాని పూల కషాయం తాగడం అక్కడ తరతరాలుగా ఉన్న వాడుక. ఇది సౌమ్యమైన మూలికే అయినా, దీనిని మందుగానే చూడాలని నా గట్టి అభిప్రాయం. ఎందుకంటే ఆస్పిరిన్‌కు ఆ పేరు వచ్చిందే ఈ మొక్క నుంచి. ఇప్పుడు ఫిలిపెండ్యులా అల్మేరియా అంటున్న ఈ మొక్కను పూర్వం స్పైరియా అల్మేరియా అనేవారు. 1899లో బేయర్ కంపెనీ తన మాత్రకు పేరు పెట్టినప్పుడు అందులోని రసాయన భాగమైన ‘అసిటైల్’ నుంచి ‘అ’నూ, ‘స్పైరియా’ నుంచి ‘స్పిర్’నూ తీసుకుంది. పూలలో ఉన్న శాలిసిలేట్లు అనే రసాయనాలు ఆస్పిరిన్‌కు దగ్గరి బంధువులు.

మొక్కను గుర్తించడంలో పొరపాటు పడితే తరువాతి జాగ్రత్తలేవీ అక్కరకు రావు. మెడోస్వీట్ పూవుకు సాధారణంగా ఐదు చిన్న రేకులుంటాయి. కేసరాలు వాటిని దాటి బయటికి పొడుచుకు వచ్చి, గుత్తి అంతా నురుగులా కనిపిస్తుంది. కాడ తరచు ఎరుపు తిరిగి ఉంటుంది, ఆకు అడుగుభాగాన ఎక్కువగా తెల్లని నూగు ఉంటుంది, ఒకే ఈనె మీద పెద్ద ఆకుల జతల నడుమ చిట్టి ఆకులు కనిపిస్తాయి. పూలకు తేనె వంటి తీపి వాసన ఉంటే, నలిపిన ఆకుది ఘాటైన మందు వాసన. ఇలాంటి తడి నేలల్లోనే పెరిగే హెమ్లాక్ వాటర్ డ్రాప్‌వర్ట్ ప్రాణాంతకమైన విషపు మొక్క. దాని తెల్లని పూలు గొడుగు ఊచల్లా ఒకే బిందువు నుంచి బయలుదేరే కాడల చివర పూస్తాయి, ఆకులు కొత్తిమీరను తలపిస్తాయి. ఏ ఒక్క లక్షణం సరిపోలకపోయినా కోయవద్దు. నిజానికి కొత్తవారు నమ్మకమైన మూలికల దుకాణంలో ఎండుపూలు కొనుక్కోవడమే మేలు.

కోసేవారు పురుగుమందు చల్లిన పొలాల గట్లను, వాహనాలు తిరిగే దారుల పక్కలను వదిలి, మంచు ఆరిన తరువాత, అప్పుడే విచ్చిన గుత్తులను మాత్రమే తీసుకోవాలి. పురుగులు రాలిపోయేలా దులిపి, నీడలో గాలి తగిలేచోట పలుచగా పరచి, పూర్తిగా ఎండాక గాలి చొరని సీసాలో దాచుకోవాలి. బూజు వాసన వచ్చినవాటిని పారేయాలి.

మోతాదు విషయంలో మూలికా మందులను పరిశీలించిన జర్మనీ నిపుణుల సంఘం కమిషన్ ఇ రోజుకు 2.5 నుంచి 3.5 గ్రాముల ఎండుపూలను సూచించింది. పూలు చాలా తేలిక కాబట్టి చెంచాతో కొలిస్తే లెక్క తప్పుతుంది. చిన్న త్రాసుతో తూచి, దానిని రెండు కప్పులుగా పంచుకోవడం మంచిది. నీళ్లు మరిగించి దింపి, పూలమీద పోసి, మూతపెట్టి పది నిమిషాలు ఉంచి వడకట్టాలి. పూలను నీళ్లలో వేసి మరిగిస్తే సువాసనతో పాటు ఆవిరైపోయే సారం కూడా పోతుంది.

ఆస్పిరిన్ గాని, ఇతర శాలిసిలేట్లు గాని పడనివారు, ముఖ్యంగా ఆ మాత్రలతో ఆయాసం వచ్చే ఉబ్బస రోగులు దీనిని అసలు ముట్టకూడదు. 18 ఏళ్ల లోపువారికి ఇవ్వవద్దు. వైరల్ జ్వరంలో ఉన్న పిల్లలకు ఆస్పిరిన్ ఇస్తే కాలేయాన్నీ మెదడునూ దెబ్బతీసే రైస్ సిండ్రోమ్ రావచ్చు కనుక, అదే కుటుంబపు పదార్థమున్న కషాయంతోనూ ఆ సాహసం తగదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కడుపులో పుండు ఉన్నవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, వార్ఫరిన్ వంటి రక్తం పలుచబరిచే మందులు వాడేవారు కూడా దూరంగా ఉండాలి. శస్త్రచికిత్స ఉంటే రెండు వారాల ముందే ఆపి, తాగుతున్న సంగతి వైద్యునికి చెప్పాలి.

గుండె కోసం రోజూ ఆస్పిరిన్ వేసుకునేవారు, దానికి బదులు ఈ కషాయం చాలుననుకోవడం ప్రాణాపాయకరమైన పొరపాటు. ఆస్పిరిన్ రక్తం గడ్డకట్టకుండా ఆపేది అందులోని అసిటైల్ భాగం వల్ల. ఈ పూల శాలిసిలేట్లలో ఆ భాగం లేదు. మాత్ర మానేస్తే రక్షణ పోతుంది, మాత్రతో పాటు తాగితే కడుపుకు అదనపు భారం.

మొదటిసారి తాగేవారు అర కప్పుతో మొదలుపెట్టి ఒక రోజు గమనించాలి. దద్దుర్లు, ఊపిరి బిగపట్టినట్లుండడం, చెవుల్లో హోరు, కడుపులో మంట కనిపిస్తే వెంటనే ఆపాలి. మలం నల్లగా వచ్చినా, ఊపిరి ఆడకపోయినా ఆసుపత్రికి వెళ్లాలి. కీలు వాచి ఎర్రబడి వేడిగా ఉన్నప్పుడు గాని, జ్వరం మూడు రోజులు దాటినప్పుడు గాని కషాయంతో కాలం గడపకుండా వైద్యుని కలవాలి.