డ్రోన్ మ్యాపింగ్‌కు ముందు ఎత్తు, వేగం విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

డ్రోన్ మ్యాపింగ్‌లో తప్పు జరిగిన సంగతి అప్పటికప్పుడు తెలియదు. డ్రోన్ క్షేమంగా దిగుతుంది, కార్డులో వందల ఫొటోలు ఉంటాయి, నేల మీద పరిచిన కంట్రోల్ పాయింట్ల (స్థానాన్ని ముందే ఖచ్చితంగా కొలిచిన చోట్ల) గుర్తులను తీసేసి బృందం వెనుదిరుగుతుంది. తరువాత కంప్యూటర్‌లో ఆ ఫొటోలను కలిపి మ్యాపు తయారు చేయబోతే ఒకచోట ఖాళీ, మరొకచోట మసక, ఇంకొకచోట ఒరిగిపోయిన గోడలు కనిపిస్తాయి. ఎత్తును, వేగాన్ని వేర్వేరు విషయాలుగా భావించి, అలవాటు కొద్దీ అంకెలు నింపడం వల్లనే చాలాసార్లు ఇలా జరుగుతుంది. ముందుగా ఎత్తును నిర్ణయించాలి, ఆ తరువాత వేగాన్ని దాని నుంచి లెక్కకట్టాలి.

ఎత్తును నిర్ణయించేది జీఎస్‌డీ, అంటే ఫొటోలోని ఒక్క పిక్సెల్‌లో ఎంత నేల ఇముడుతుందో చెప్పే కొలత. 13.2 మిల్లీమీటర్ల వెడల్పు గల సెన్సర్, 8.8 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్, అడ్డంగా 5,472 పిక్సెళ్లు ఉన్న కెమెరాను 100 మీటర్ల ఎత్తులో ఎగరేస్తే ఒక్కో పిక్సెల్ సుమారు 2.7 సెంటీమీటర్లకు సమానమవుతుంది. ఒక ఫొటోలో 150 మీటర్ల వెడల్పు, 100 మీటర్ల పొడవు గల నేల పడుతుంది. కంట్రోల్ పాయింట్లను సరిగా అమర్చినా నిలువు కొలతల్లో జీఎస్‌డీకి రెండు మూడు రెట్ల తేడా ఉండవచ్చని ముందే అనుకోవాలి కాబట్టి, 5 సెంటీమీటర్ల ఖచ్చితత్వం కావలసిన పనికి ఈ కెమెరాతో 100 మీటర్ల ఎత్తు పనికిరాదు. అలాగని అవసరానికి మించి కిందికి దిగడమూ మంచిది కాదు. ఎత్తును సగం చేస్తే ఫొటోల సంఖ్య నాలుగు రెట్లవుతుంది.

ఇక వేగం. పై ఉదాహరణలోనే ముందు వెనుక ఫొటోల మధ్య 80 శాతం ఓవర్‌ల్యాప్ (రెండింటిలోనూ పడే ఒకే నేల భాగం) కావాలంటే ప్రతి 20 మీటర్లకు ఒక ఫొటో తీయాలి. కెమెరా ఒక ఫొటో తీసి దాచుకుని మరొకదానికి సిద్ధం కావడానికి 2.5 సెకన్లు పడితే, సెకనుకు 8 మీటర్లకు మించి ఎగరకూడదు. అదే డ్రోన్‌ను 50 మీటర్లకు దింపితే ఆ పరిమితి సెకనుకు 4 మీటర్లకు తగ్గుతుంది. ఎత్తు తగ్గించి, పాత వేగాన్ని అలాగే వదిలేయడం తరచూ కనిపించే పొరపాటు.

ఇది చూశాక షట్టర్ సంగతి చూడాలి. ఫొటో పడే సమయంలో డ్రోన్ కదిలే దూరం సగం పిక్సెల్ దాటకుండా ఉంటే మేలు. సెకనుకు 8 మీటర్ల వేగంలో షట్టర్ సెకనులో 1,000వ వంతు తెరుచుకుంటే కదలిక 0.8 సెంటీమీటర్లు మాత్రమే. మబ్బు పట్టినప్పుడు ఆటో మోడ్‌లో ఉన్న కెమెరా దానిని 250వ వంతుకు మార్చుకుంటే 3.2 సెంటీమీటర్లు అవుతుంది, అంటే పిక్సెల్ కన్నా ఎక్కువ. కాబట్టి షట్టర్ వేగాన్ని మీరే స్థిరపరచి, ఐఎస్‌ఓను (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయిని) కొంత పెరగనివ్వండి. ఫొటోలో కాస్త గరుకుదనాన్ని భరించవచ్చు గాని మసకను సరిదిద్దలేము. మెకానికల్ షట్టర్ లేని కెమెరాలు ఫొటోను వరుస వెంట వరుసగా చదువుతాయి. అందుకు సెకనులో 30వ వంతు పట్టినా, ఆలోగా డ్రోన్ 27 సెంటీమీటర్లు జరిగిపోతుంది. అలాంటి కెమెరాతో లెక్క అనుమతించిన వేగం కన్నా బాగా నెమ్మదిగా ఎగరడమే క్షేమం.

అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతీసేది ఎత్తుపల్లాల నేల. ఫ్లైట్ ప్లాన్‌లో మనం రాసే ఎత్తును డ్రోన్ సాధారణంగా టేకాఫ్ స్థలం నుంచి కొలుస్తుంది, కిందనున్న నేల నుంచి కాదు. గుట్ట పాదం నుంచి 100 మీటర్ల ఎత్తుకు ఎగరేస్తే, 40 మీటర్ల శిఖరం మీద మిగిలేది 60 మీటర్లే. 80 శాతం అనుకున్న ముందు ఓవర్‌ల్యాప్ 67కు, 70 శాతం అనుకున్న పక్క ఓవర్‌ల్యాప్ (డ్రోన్ ఎగిరే పక్కపక్క వరుసల ఫొటోల మధ్య ఉండేది) 50కి పడిపోతాయి. ఆ శిఖరం మీద 15 మీటర్ల చెట్లుంటే వాటి కొమ్మల దగ్గర పక్క ఓవర్‌ల్యాప్ 33 శాతమే. నేను స్వయంగా ఈ తప్పు చేసి, మ్యాపులో శిఖరం ఉండవలసిన చోట చిల్లు చూసి, ఆ పని మొత్తం మళ్లీ చేయవలసి వచ్చింది. అందుకే ఓవర్‌ల్యాప్‌ను ఎప్పుడూ అత్యంత ఎత్తైన చోటుకు లెక్కకట్టండి. శిఖరం నుంచి టేకాఫ్ చేస్తే కథ తిరగబడుతుంది: లోయ మీద డ్రోన్ 140 మీటర్ల ఎత్తులో ఉంటుంది, పిక్సెల్ 3.8 సెంటీమీటర్లకు పెరుగుతుంది, చాలా దేశాల్లో అమలులో ఉన్న 120 మీటర్ల పరిమితి కూడా మీరినట్టవుతుంది.

నేల వంపులను అనుసరించి ఎగిరే టెర్రైన్ ఫాలో సదుపాయం ఇక్కడ ఎంతో ఉపకరిస్తుంది, కానీ దానిని గుడ్డిగా నమ్మకూడదు. అది తరచూ ఆధారపడే ఎస్‌ఆర్‌టీఎం (అంతరిక్షం నుంచి రాడార్‌తో కొలిచిన నేల ఎత్తులు) వంటి ఉచిత డేటాలో ఒక్కో గడి సుమారు 30 మీటర్లు ఉంటుంది, పైగా ఎస్‌ఆర్‌టీఎం 2000 సంవత్సరంలో సేకరించినది. ఆ తరువాత లేచిన టవర్లు, తవ్విన క్వారీలు అందులో ఉండవు, కరెంటు తీగలు ఎలాగూ కనబడవు. స్థలమంతా తిరిగి అడ్డంకులను కళ్లతో చూడాలి. రిటర్న్ టు హోమ్ (డ్రోన్ తనంతట తానే తిరిగివచ్చే) ఎత్తును కూడా వాటిలో అత్యున్నతమైన దానికన్నా పైన పెట్టారో లేదో సరిచూసుకోవాలి; సర్వే ఎత్తు మీద ఇంత శ్రద్ధ పెట్టినవారు సైతం దీనిని మరచిపోతారు.

పైకి వెళ్లేకొద్దీ గాలి సాధారణంగా బలపడుతుంది. ఎదురుగాలిలో అదే వేగాన్ని నిలబెట్టుకోవడానికి బ్యాటరీ త్వరగా తరుగుతుంది కాబట్టి, తిరుగు ప్రయాణం గాలికి ఎదురుగా ఉంటే 30 శాతం మిగిలి ఉండగానే వెనక్కి పిలవండి.

మొదటి రెండు వరుసలు పూర్తికాగానే డ్రోన్‌ను దింపి, ఎత్తైన చోట తీసిన నాలుగైదు ఫొటోలను పూర్తిగా పెద్దవి చేసి చూడండి: అంచులు స్పష్టంగా ఉన్నాయా, ఒకే రాయి వరుసగా కనీసం నాలుగు ఫొటోల్లో కనిపిస్తోందా? కనిపించకపోతే ఎత్తు, వేగం సవరించి మళ్లీ మొదటి వరుస నుంచి ఎగరేయండి. కంట్రోల్ పాయింట్ల గుర్తులను మాత్రం చివరి ఫొటో పరిశీలన ముగిసేదాకా నేల మీద నుంచి తీయకండి.