పిల్లలకు తుపాకీ గురించి ఏం నేర్పాలి, ముందు మనమేం చేయాలి

మా ఇంట్లో లైసెన్సున్న రైఫిల్ ఉంది. తాళంచెవి బీరువా మీద దాచి, ఎవరికీ తెలియదనుకున్నాను. ఒకరోజు ఆరేళ్ల మా చిన్నది కుర్చీ వేసుకుని ఆ తాళంచెవిని తీసుకొచ్చి "నాన్నా, ఇది దేనిది?" అంది. నా గుండె ఆగినంత పనైంది.

కాబట్టి ముందు తాళం, తర్వాతే పాఠం. తుపాకీలో గుండ్లు తీసేసి బీరువాలో పెట్టండి, గుండ్లు వేరేచోట తాళం వేయండి. తాళంచెవి మీ ఒంటిమీదే ఉండాలి. పిల్లలకు చెప్పాం కదా అని ధీమా వద్దు. 2001లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, సొరుగులో తుపాకీ దొరికిన మగపిల్లల్లో చాలామంది దాన్ని చేతిలోకి తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమందికి అంతకుముందే జాగ్రత్తలు చెప్పి ఉన్నారట!

చిన్నపిల్లలకు నాలుగు మాటలు చాలు: ఆగు, ముట్టుకోకు, అక్కడి నుంచి వెళ్లిపో, పెద్దవాళ్లకు చెప్పు. ఒకసారి చెప్పి వదిలేయకండి, నటించి చూపించమనండి. మా చిన్నది మొదటిసారి "ఆగు" అని అరుస్తూనే చెయ్యి చాపింది.

చేతికివ్వడం? నా మటుకు, పన్నెండేళ్లలోపు వద్దు. ఆ తర్వాతైనా శిక్షకుడి పక్కన, రేంజ్‌లోనే, అంటే కాల్పులు సాధన చేసే చోటే. గొట్టం ఎవరివైపూ తిప్పకూడదు, గురి చూసేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్లకూడదు. మ్యాగజైన్ (గుండ్లు నింపే పెట్టె) తీసేసినా ఛాంబర్‌లో, అంటే గొట్టం వెనక గుండు పేలే గదిలో, ఒక గుండు మిగిలి ఉండొచ్చని మాత్రం కళ్లారా చూపించి నేర్పండి. పెద్దవాళ్లే పొరబడే చోటది.

పిల్లలు ఆడుకోవడానికి వెళ్లే ఇంట్లో "తుపాకీ ఉందా, తాళం వేశారా" అని అడగండి. మొహమాటంగానే ఉంటుంది, అయినా అడగండి.