మిద్దెతోట బృందానికి పైసా ఖర్చు లేని వెబ్‌సైట్: గూగుల్ సైట్స్‌తో కట్టే పద్ధతి

"వంగ మొక్కకు తెల్లగా పిండిలా పట్టింది, ఏం చెయ్యాలండీ?" మిద్దెతోటల వాట్సాప్ గ్రూపుల్లో ఈ ప్రశ్న ఏటా వస్తుంది. జవాబు కిందటేడే ఎవరో శుభ్రంగా చెప్పి ఉంటారు. అది గుడ్ మార్నింగ్ పువ్వుల కింద ఎక్కడో పడి ఉంటుంది. హైదరాబాద్‌లో మిద్దె మీద కూరగాయలు పెంచేవాళ్ల గ్రూపులకు కొదవ లేదు. చెప్పిన జవాబు రెండోసారి దొరికే చోటే లేదు. దానికి గూగుల్ సైట్స్ (వెబ్‌సైట్ కట్టుకోవడానికి గూగుల్ ఉచితంగా ఇచ్చే సాధనం) చాలు. వాట్సాప్ గ్రూపును మూసెయ్యక్కర్లేదు. కబుర్లు అక్కడే సాగనిచ్చి, దాచుకోవాల్సినవి మాత్రం సైట్లోకి తెచ్చుకోండి.

ముందు ఖాతా సంగతి చూడాలి. ఎవరి సొంత జీమెయిల్‌తోనూ సైటు మొదలుపెట్టకండి. ఆ మనిషి ఊరు మారినా, ఆసక్తి పోయినా సైటు కూడా వాళ్లతోనే పోతుంది. బృందం పేరుతో కొత్త జీమెయిల్ తెరిచి టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ తర్వాత రెండో రుజువు కూడా అడిగే ఏర్పాటు) పెట్టండి. ఫోన్ అందుబాటులో లేనప్పుడు లాగిన్ కావడానికి గూగుల్ ఇచ్చే 10 బ్యాకప్ కోడ్‌లను ప్రింటు తీసి, రికవరీ ఫోన్ నంబరు ఇచ్చినవాళ్ల దగ్గర కాకుండా ఇంకొకరి దగ్గర ఉంచండి. రెండేళ్లు ఎవరూ వాడని ఖాతాను గూగుల్ తీసెయ్యవచ్చు కాబట్టి నెలకోసారైనా లాగిన్ అవ్వాలి. మెయిల్‌కూ, డ్రైవ్‌కూ, ఫొటోలకూ కలిపి ఉచితంగా వచ్చేది 15 జీబీ. తోట వీడియోలు అందులో పెట్టారంటే తొందరగా నిండిపోతుంది. వాటిని యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా (లింకు ఉన్నవాళ్లే చూడగలిగేలా) వేసి లింకు అతికించండి.

సైటును కంప్యూటర్‌లోనే తయారు చేసుకోవాలి. ఫోన్ చూడటానికే. గూగుల్ సైట్స్ తెరిచి బ్లాంక్ ఎంచుకోండి. థీమ్‌ల మీద గంటలు పోగొట్టుకోకండి, తెల్లటి నేపథ్యమే చదవడానికి హాయి. మొదట నాలుగు పేజీలు సరిపోతాయి: జవాబులు, విత్తనాలు, ఏ నెలలో ఏం నాటాలి, నియమాలు. పబ్లిష్ నొక్కితే చిరునామా అడుగుతుంది. చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో, ఫోన్లో చెబితే అర్థమయ్యేంత పొట్టిగా పెట్టండి.

అందరూ తడబడేది ఇక్కడే. మీరు మార్చినది డ్రాఫ్ట్‌లో దానంతటదే సేవ్ అవుతుంది గానీ, మళ్లీ పబ్లిష్ నొక్కేదాకా చూసేవాళ్లకు పాత పేజీయే కనిపిస్తుంది. "మార్చాను కదా, మీకు రావట్లేదా?" అనే వాదనలకు మూలం చాలాసార్లు ఇదే.

జవాబుల పేజీకి ప్రాణం శీర్షికలో ఉంటుంది. "చీడపీడల యాజమాన్యం" అని ఎవరూ వెతకరు, "వంగ ఆకు కింద తెల్ల పిండి" అని వెతుకుతారు. జవాబుల పేజీ కింద ఒక్కో సమస్యకు ఒక్కో పేజీ చెయ్యండి. గోంగూర అని రాసిన చోట పుంటికూర అని కూడా రాస్తే రెండు రకాలుగా వెతికేవాళ్లకూ దొరుకుతుంది. జవాబులో కొలత తప్పక ఉండాలి. "వేపనూనె కొట్టండి" అంటే చాలదు. "లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నూనె నీటిలో కలవడానికి కొన్ని చుక్కల సబ్బు ద్రవం, ఎండ తగ్గాక ఆకు అడుగున తడిసేలా, వారానికోసారి" అని ఉంటే అడిగినవాళ్లు వెంటనే మేడ ఎక్కుతారు. ఇలాంటివి ఇరవై పేజీలు సిద్ధం కాకముందు సైటు గురించి ఎవరికీ చెప్పకండి. ఖాళీ సైటుకు ఒకసారి వచ్చినవాళ్లు రెండోసారి రారు.

డీటీపీ వాళ్ల దగ్గర చేయించిన పాత కరపత్రాలుంటే ఒక జాగ్రత్త. అవి అను ఫాంట్లలో ఉంటే కాపీ చేసి అతికించగానే పిచ్చి గీతలుగా మారతాయి, ఎందుకంటే అవి యూనికోడ్ (ఫోన్లూ వెబ్‌సైట్లూ చదివే అక్షర పద్ధతి) కావు. కన్వర్టర్‌లో మార్చి, ఒత్తులూ దీర్ఘాలూ సరిచూసి, అప్పుడు పెట్టండి.

జనాన్ని నిలబెట్టేది మాత్రం విత్తనాల మార్పిడే. దీనికి గూగుల్ ఫారం చెయ్యండి. అడగాల్సినవి ఇవి: పేరు, ఫోన్ నంబరు, ఏ విత్తనం, నాటుదా హైబ్రిడా, ఏ నెలలో తీశారు, ఎన్ని గింజలు, దగ్గరి మెట్రో స్టేషన్ ఏది. హైబ్రిడ్ కాయ నుంచి తీసిన గింజకు తల్లి గుణం రాదు కాబట్టి ఆ ప్రశ్న వదలకూడదు. తీసిన నెల కూడా అంతే ముఖ్యం. టమాటా గింజ పొడిగా దాస్తే మూడు నాలుగేళ్లు ఆగుతుంది, ఉల్లి గింజ ఏడాది దాటితే మొలక బాగా పడిపోతుంది. ఇంటి అడ్రసు అడగకండి. నాగోల్‌లో ఉన్నవాళ్లూ మియాపూర్‌లో ఉన్నవాళ్లూ అమీర్‌పేటలో రైలు దిగి పొట్లం మార్చుకోవచ్చు. మెట్రో లేని ఈసీఐఎల్ లాంటి చోట్లకు చౌరస్తా పేరును జాబితాలో చేర్చండి. ఫొటో అప్‌లోడ్ ప్రశ్న మాత్రం పెట్టకండి. అది ఉంటే గూగుల్ లాగిన్ లేనివాళ్లు ఫారం నింపలేరు, పైగా ఆ ఫొటోలన్నీ మీ 15 జీబీలోకే చేరతాయి.

ఫారం జవాబులు ఒక షీట్‌లో పడతాయి. పేర్లూ నంబర్లూ ఉండే ఆ షీట్‌ను ఎవరికీ షేర్ చెయ్యకండి. అందులోనే ఇంకో ట్యాబ్ తెరిచి మొదటిదాన్ని దాచేస్తే సరిపోతుందనుకుంటారు. చాలదు, దాచిన ట్యాబ్ భద్రమైనది కాదు. వేరే ఫైలు తెరిచి, ఇంపోర్ట్‌రేంజ్ (IMPORTRANGE) ఫార్ములాతో పేర్లూ నంబర్లూ లేని నిలువు వరసలను మాత్రమే అందులోకి లాగండి. సభ్యులకు చూపించేది ఆ రెండో ఫైలును, అదీ చూసే హక్కుతోనే.

సభ్యులను ఒక్కొక్కరిగా చేర్చుకుంటూ పోతే అలసిపోతారు. ఒక గూగుల్ గ్రూప్ (ఒక్క చిరునామాకు రాస్తే సభ్యులందరికీ వెళ్లే మెయిల్ జాబితా) తెరిచి, ఆ ఫైలును గ్రూప్ మెయిల్ చిరునామాకు షేర్ చెయ్యండి. ఇక గ్రూప్‌లో చేర్చినవాళ్లకు ఫైలు తెరుచుకుంటుంది, తీసేసినవాళ్లకు మూసుకుంటుంది. సెట్టింగుల్లో చేరే హక్కును "అడిగితే చేర్చుకుంటాం" అనేలా, సభ్యుల జాబితాను నిర్వాహకులకే కనబడేలా, కొత్తవాళ్ల మొదటి ఉత్తరాలను మీరు చూశాకే వెళ్లేలా పెట్టండి. లేకపోతే ఎరువుల ప్రకటనలు ముంచేస్తాయి. ఇద్దరు ఓనర్లు ఉండాలి. విత్తనం కావాల్సినవాళ్లు "చిక్కుడు కావాలి, ఎల్బీనగర్" అని గ్రూప్‌కు మెయిల్ రాస్తే, ఇచ్చేవాళ్లు నేరుగా వాళ్లకే బదులిస్తారు. మీరు నంబర్లు మోయక్కర్లేదు.

మృగశిర కార్తెకు ముందు, అంటే మే నెలాఖరుకల్లా, జాబితా నిండితే అందరికీ విత్తే సమయానికి గింజ అందుతుంది. చలికాలంలో పూసే పాదు చిక్కుడును వానలు మొదలయ్యాక కొంచెం నిదానంగా నాటినా పరవాలేదు. మార్పిడి అయిపోగానే ఫారంలో రెస్పాన్సులు ఆపండి, మొదటి షీట్‌లోంచి అయిపోయిన గింజల వరసలు తీసెయ్యండి. లేని గింజ కోసం మూడు మెయిళ్లు రాసినవాళ్లు నాలుగోది రాయరు.

లింకు అందరికీ పంపే ముందు ఇన్‌కాగ్నిటో విండోలో (మీ లాగిన్ లేకుండా తెరుచుకునే బ్రౌజర్ కిటికీలో) తెరవండి, ఆ తర్వాత ఇంకెవరి ఫోన్లోనైనా చూడండి. జవాబుల పేజీ లాగిన్ లేకుండా తెరుచుకోవాలి, విత్తనాల ఫైలు లాగిన్ అడగాలి, లేదా "అనుమతి కావాలి" అనాలి. పేజీలో ఫొటో రాకుండా ఖాళీ గడి కనిపిస్తే, ఆ ఫొటో డ్రైవ్‌లో ఇంకా మీ ఒక్కరికే పరిమితమై ఉందన్నమాట. సైటు పబ్లిక్ అయినంత మాత్రాన డ్రైవ్ ఫైళ్లు పబ్లిక్ కావు, వాటికి షేరింగ్ విడిగా ఇవ్వాలి. విత్తనాల ఫైలు మాత్రం లాగిన్ లేకుండానే తెరుచుకుంటే, షేరింగ్‌లో "లింకు ఉన్న ఎవరైనా" అని ఉందేమో చూసి, రిస్ట్రిక్టెడ్‌కు (మీరు షేర్ చేసినవాళ్లకే) మార్చండి.