తుప్పు పట్టిన పాత చిత్రిక: సమస్యలు, పరిష్కారాలు

అటక మీదో, పాత సామాన్ల దుకాణంలోనో దొరికిన, చెక్కను నునుపు చేసే ఇనుప చిత్రిక ఎర్రగా తుప్పు పట్టి ఉందని పారేయకండి. తెలంగాణలో రందా అనేదీ దీన్నే. ముందు చూడాల్సింది తుప్పు కాదు, పగుళ్లు. పోత ఇనుము కింద పడితే బ్లేడు బయటికొచ్చే సందు పక్కన చీలుతుంది. అక్కడ పగులుంటే వదిలేయండి. లేకపోతే మిగతావన్నీ ఇంట్లోనే సరిచేసుకోవచ్చు.

స్క్రూలు కదలడం లేదు

మరల్లో తుప్పు బిగుసుకుంది. డబ్ల్యూడీ-40 (తుప్పు వదులు చేసే స్ప్రే) కొట్టి రాత్రంతా వదిలేయండి. గాడికి సరిగ్గా నిండే స్క్రూడ్రైవర్ పెట్టి, దాని పిడి మీద సుత్తితో చిన్నగా రెండు దెబ్బలు వేశాకే తిప్పండి. చిన్న స్క్రూడ్రైవర్ వాడితే గాడి అరిగిపోతుంది, అప్పుడు పని రెట్టింపవుతుంది.

ఒళ్లంతా ఎర్ర తుప్పు

చెక్క పిడులు, ఇత్తడి చక్రం తీసేయండి. ఇత్తడికి చింతపండు చాలు. ఇనుప భాగాలను లీటరు నీళ్లకు 50 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి అందులో నానబెట్టండి. రెండు మూడు గంటలకోసారి తీసి స్టీల్ పీచుతో రుద్దండి. రోజుల తరబడి ఉంచితే ఆమ్లం మంచి ఇనుమును కూడా తినేస్తుంది. చివరికి మిగిలే నల్ల మరకలు హాని చేయవు, వాటిని గీకనక్కర్లేదు.

కడిగిన కాసేపటికే మళ్లీ ఎర్రబడింది

ఆమ్లం, తడి మిగిలిపోయాయి. వంటసోడా నీళ్లతో కడిగి, తుడిచి, హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టి వెంటనే కుట్టుమిషన్ నూనె రాయండి. వంటనూనె మాత్రం వద్దు, కొన్నాళ్లకు జిగురుగా మారుతుంది.

పదును పెట్టినా చెక్క మీద సన్నటి గీతలు

ఎక్కువమంది ఓపిక కోల్పోయేది ఇక్కడే. బ్లేడు వాలుగా ఉన్న వైపే సాన పట్టి, వెనక వైపును మర్చిపోతారు. పదును అంటే ఆ రెండు ముఖాలు కలిసే గీతే. వెనక ముఖంలో తుప్పు తిన్న గుంట అంచు దాకా వస్తే, అంచుకు అక్కడ చిన్న గంటు పడుతుంది. చెక్క మీద గీత దానిదే. వెనక వైపంతా అద్దంలా చేయనక్కర్లేదు. అంచును ఆనుకున్న కొద్ది మిల్లీమీటర్లు చదునుగా ఉంటే చాలు. గాజు పలక మీద వాటర్ పేపర్ పరిచి, 220 నంబర్ పేపర్‌తో మొదలుపెట్టి 1000 నంబర్ దాకా రుద్దండి. గుంట లోతుగా ఉంటే అది పోయేదాకా అంచునే వెనక్కి అరగదీసి, 25 డిగ్రీల వాలు మళ్లీ పెట్టండి. గ్రైండర్ వాడితే మాటిమాటికీ నీళ్లలో ముంచండి. అంచు నీలంగా మారిందంటే ఉక్కు గట్టిదనం పోయినట్టే. గుంటలు మరీ లోపలిదాకా ఉంటే కొత్త బ్లేడే మేలు. 4, 5 నంబర్ (స్టాన్లీ సైజు నంబర్లు) చిత్రికలకు రెండంగుళాల బ్లేడు సరిపోతుంది.

పొట్టు ఇరుక్కుపోతోంది

బ్లేడు మీద బిగించే రెండో పలక సరిగ్గా ఆనడం లేదు. రెండింటినీ బిగించి వెలుతురుకు పట్టి చూడండి. సందులోంచి వెలుగు కనిపిస్తే ఆ పలక ముందు అంచును సానరాయి మీద చదును చేయండి. బ్లేడు అంచుకు సుమారు 1 మిల్లీమీటరు వెనక బిగించండి.

ఒక పక్కే లోతుగా తెగుతోంది

బ్లేడు వంకరగా కూర్చుంది. వెనకున్న పొడవాటి మీటను పక్కకు కొద్దికొద్దిగా జరుపుతూ, పనికిరాని చెక్క మీద రెండు వైపులా ఒకే మందం పొట్టు వచ్చేదాకా తోసి చూడండి.