బిజినెస్ స్కూల్ సీటు: మీ అవకాశాలను లెక్కగట్టి పెంచుకోవడం ఎలా?

విశాఖ ద్వారకానగర్ కోచింగ్ సెంటర్ల దగ్గర తరచూ వినిపించే ప్రశ్న: "ఎంత పర్సంటైల్ వస్తే ఐఐఎంలో సీటొస్తుంది?" ఐఐఎంలు అంటే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ మేనేజ్‌మెంట్, వాటి ప్రవేశ పరీక్ష క్యాట్. అది రాసినవాళ్లలో ఎంత శాతం మంది మీకంటే వెనక ఉన్నారో చెప్పేదే పర్సంటైల్. ఆ ప్రశ్నకు ఒక్క అంకెతో జవాబు ఉండదు. ఒకే పర్సంటైల్ తెచ్చుకున్న ఇద్దరిలో ఒకరికి కాల్ (ఇంటర్వ్యూ పిలుపు) వచ్చి, రెండోవారికి రాకపోవడం మామూలే. తేడా చాలాసార్లు పాత మార్కుల మెమోల్లో ఉంటుంది. లెక్క అక్కడే మొదలుపెట్టండి.

1. మారనివి ముందు కాగితం మీద పెట్టండి

పదో తరగతి, ఇంటర్, డిగ్రీ శాతాలు, ఉద్యోగం చేసిన నెలలు, కేటగిరీ. అహ్మదాబాద్, బెంగళూరు ఐఐఎంలు ఈ పాత మార్కులకు కూడా వెయిటేజీ ఇస్తాయి. ఇంటర్‌లో 95 శాతం దాటి, బీటెక్‌లో 65కి జారినవాళ్లు మనలో కొల్లలు. వీళ్లకు ఒక స్కూల్లో కలిసొచ్చేది ఇంకో స్కూల్లో దెబ్బతీస్తుంది. ప్రతి ఐఐఎం తన అడ్మిషన్ విధానాన్ని వెబ్‌సైట్‌లో పెడుతుంది. దాన్ని దించుకుని, మీ అంకెలు అందులో వేసి చూడండి. అరపూట పని. చేసేవాళ్లు మాత్రం తక్కువ.

సీజీపీఏని మీరే పదితో గుణించి శాతం రాయొద్దు, మీ యూనివర్సిటీ ఇచ్చిన సూత్రమే వాడండి. అనుభవం కింద డిగ్రీ తర్వాత చేసిన పూర్తికాలపు ఉద్యోగమే రాయండి, ఇంటర్న్‌షిప్ కలపొద్దు.

2. సర్టిఫికెట్ ఉచ్చులో పడొద్దు

మంచి స్కోరున్నవాళ్లు కూడా ఇక్కడ బోల్తా పడతారు. రాష్ట్రంలో బీసీ అయినంత మాత్రాన కేంద్రంలో ఓబీసీ అయినట్టు కాదు, రెండు జాబితాలూ వేరు. మీ కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో చూసుకుని, కేంద్ర నమూనాలోనే నాన్ క్రీమీలేయర్ పత్రం తీసుకోండి. ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనుకబడిన వర్గాలు) కోటాకు కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే చాలదు. కుటుంబానికి 1000 చదరపు అడుగులు, ఆపైన ఉన్న ఫ్లాట్ ఉంటే అర్హత పోతుంది. మధురవాడ వైపు ఫ్లాట్లు కొన్నవాళ్లు ఇది ముందే చూసుకోవాలి. సచివాలయంలో అర్జీ పెట్టి తహసీల్దారు సంతకం వచ్చేసరికి రోజులు పట్టొచ్చు. చివరి వారం దాకా ఆగకండి.

3. క్యాట్‌లో వదిలేయడం నేర్చుకోండి

2024 క్యాట్ రాసినవాళ్లు సుమారు 2.93 లక్షలు. అంటే 99 పర్సంటైల్ వచ్చినా మీ ముందు దాదాపు 2,900 మంది ఉన్నట్టే. అయితే ఆ ఏడాది పేపర్‌లో 68 ప్రశ్నలకు 204 మార్కులుంటే, సగం మార్కుల కంటే తక్కువతోనే 99 పర్సంటైల్ అందింది. కాబట్టి ప్రశ్నలన్నీ ముట్టుకోవాల్సిన పనే లేదు.

సరైన జవాబుకు 3 మార్కులు, ఆప్షన్లున్న ప్రశ్న తప్పయితే 1 కోత. 50 ప్రశ్నలు ముట్టుకుని 25 తప్పు చేస్తే వచ్చేది 50. 36 ముట్టుకుని 28 సరిగ్గా చేస్తే 76. అందుకే ప్రతి మాక్ (నమూనా పరీక్ష) తర్వాత నోటుబుక్కులో మూడు గళ్లు గీయండి: తెలిసీ తప్పు చేసినవి, అసలు ముట్టుకోకూడనివి, చేయగలిగీ వదిలేసినవి. రెండో గడి నిండుతుంటే మీ సమస్య సిలబస్ కాదు, ఎంపిక. రాయడానికి రెండు గంటలు పట్టిన మాక్‌కు విశ్లేషణ మూడు గంటలు పట్టినా తప్పులేదు. వారానికి నాలుగు రాసి ఒక్కటీ తిరగేయకపోవడం వట్టి వ్యాయామం.

మన ఎంపీసీ పిల్లలు లెక్కల మీద భరోసాతో ఇంగ్లిష్‌ను చివరికి నెడతారు. విభాగానికో కటాఫ్ ఉంటుంది కాబట్టి మొత్తం బాగున్నా ఆ ఒక్క విభాగమే కాల్ పోగొడుతుంది. 2024లో ఆ విభాగంలోని 24 ప్రశ్నల్లో 16 చదివి అర్థం చేసుకునే పాఠ్యభాగాలవే. రోజూ ముప్పావుగంట, మీకు అలవాటులేని అంశాల మీద వ్యాసాలు చదవండి. వొకాబులరీ లిస్టులు బట్టీ పట్టడం కంటే అదే మేలు.

4. జాబితా

పాత మార్కులు బలంగా ఉంటే వాటికి విలువిచ్చేవి, బలహీనంగా ఉంటే పరీక్ష స్కోరుకు పెద్దపీట వేసేవి ఎంచుకోండి. క్యాట్‌తో పాటు జనవరిలో జరిగే జాట్ (ఎక్స్ఎల్ఆర్ఐ లాంటి స్కూళ్ల ప్రవేశ పరీక్ష) కూడా రాయండి. ఆంధ్రా యూనివర్సిటీకి రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఏపీ ఐసెట్ మార్గం. గంభీరంలో ఐఐఎం మన ఊరిదే కదా అని స్థానిక కోటా ఆశించకండి, ఐఐఎంలలో అలాంటిదేమీ లేదు.

ఐఎస్‌బీ (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్)కి జీమ్యాట్ అనే అంతర్జాతీయ ప్రవేశ పరీక్ష రాసేవాళ్లకో మాట. ఇప్పటి స్కోరు 205 నుంచి 805 వరకు. పాత పరీక్షలో 700కు ఇప్పుడు దాదాపు 645 సమానం. సీనియర్ల స్కోరుతో పోల్చుకుని బెంగపడొద్దు.

5. ఇంటర్వ్యూకి సొంత ఊరు చదవండి

విశాఖ నుంచి వచ్చామంటే స్టీల్ ప్లాంట్ గురించి అడిగే అవకాశం ఎక్కువ. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అన్నంత మాత్రాన సరిపోదు. సొంత ఇనుప ఖనిజ గనులు లేకపోవడం ఖర్చును ఎలా పెంచింది, 2021 జనవరిలో కేంద్రం పెట్టుబడుల ఉపసంహరణకు ఆమోదం ఎందుకు తెలిపింది, 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ దేనికి ఇచ్చింది, ఇవి చెప్పగలగాలి. మీ పక్షం ఏదైనా ఫరవాలేదు, ఎదుటి పక్షం వాదన కూడా తెలిసుండాలి.

ఉద్యోగం గురించి చెప్పేటప్పుడు "టీమ్‌ను లీడ్ చేశాను" అనేది గాలిమాట. పరవాడ ఫార్మా యూనిట్‌లో షిఫ్టు ఇంజినీరైతే ఏ యంత్రం ఎన్ని గంటలు ఆగేది, మీరు ఏం మార్చారు, తర్వాత ఎన్ని గంటలకు తగ్గింది అని చెప్పండి. ఫ్రెషర్లయితే డిగ్రీలోని రెండు సబ్జెక్టులు మళ్లీ గట్టిగా తిరగేయండి, ప్రశ్నలు అక్కడికే వస్తాయి.

జవాబులు ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. రెండు నిమిషాలు దాటినదాన్ని సగానికి కోసి, మళ్లీ చెప్పి చూడండి.