మెదడు రక్తప్రవాహం గ్రాఫ్ చదవడం – 4వ పాఠం: ఊపిరి గీత

పోయిన పాఠంలో కళ్ల ముందు గళ్ల బొమ్మ మినుకుమినుకుమన్నప్పుడు మెదడు వెనక భాగానికి వెళ్లే ధమనిలో రక్తం వేగం పెరగడం డాప్లర్ (అల్ట్రాసౌండ్‌తో రక్తం వేగం కొలిచే పద్ధతి) గ్రాఫ్‌లో చూశాం. ఇప్పుడు దాని కిందున్న రెండో గీత చూద్దాం. వదిలే ఊపిరి చివర్లో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో అది చెబుతుంది. మామూలుగా 35–45 మి.మీ. పాదరసం (వాయువు పీడనం కొలత) మధ్య ఉంటుంది.

గ్రాఫ్ చేతికి రాగానే ముందు చూడాల్సింది ఈ గీతే. రక్తంలో ఈ వాయువు (ఊపిరి గీత చూపేది దాని అంచనానే) ఒక్క మి.మీ. పెరిగినా మెదడుకు వెళ్లే రక్తం సుమారు 3–4 శాతం పెరుగుతుంది. వాయువు నాళం గోడలోకి చేరి ఆమ్లత పెంచుతుంది, అక్కడి కండరం సడలుతుంది. తగ్గితే నాళాలు ముడుచుకుంటాయి. వైవా గది బయట టెన్షన్‌తో గబగబా ఊపిరి తీసేవాళ్లకు తల తిరిగేది ఇందుకే.

మరి ఎండాకాలం బెజవాడలో తలుపులు బిగించి ఏసీ వేసుకుంటాం కదా, గదిలో పేరుకున్న వాయువుతో మెదడు రక్తం పెరిగిపోదా అంటారేమో. అలాంటి గదిలో వాయువు 2000 పీపీఎంకి (పది లక్షల భాగాల గాలిలో 2000 భాగాలకు) చేరినా అది 0.2 శాతమే. ఊపిరి కాస్త పెంచి ఒళ్లు దాన్ని సర్దుకుంటుంది. ప్రయోగాల్లో ఇచ్చేది మామూలుగా 5 శాతం దాకా. 1948లోనే కెటీ, ష్మిట్ అనే పరిశోధకులు 5–7 శాతం ఇచ్చి, మెదడు రక్తప్రవాహం బాగా పెరగడం కొలిచి చూపారు.

ఇక లెక్క. అంకెలు సాధన కోసం వేసినవి. మామూలు గాలిలో వేగం సెకనుకు 40 సెం.మీ., బొమ్మ చూపితే 48. పెరిగింది 8, అంటే 20 శాతం. కార్బన్ డయాక్సైడ్ కలిపిన గాలిలో మొదలే 52, బొమ్మ చూపితే 60. పెరిగింది అదే 8, శాతం మాత్రం 15.4. శాతం ఒక్కటే చూసినవాళ్లు మెదడు స్పందన తగ్గిందని రాసేస్తారు. తగ్గలేదు, మొదలుపెట్టిన మెట్టు పెరిగింది. అందుకే రెండు అంకెలూ పక్కపక్కనే రాయండి.

ఫంక్షనల్ ఎమ్మారై (మెదడులో ఏ భాగం పనిచేస్తోందో రక్తంలో మార్పులను బట్టి చూపే స్కాన్)లోనూ ఇదే చిక్కు. కార్బన్ డయాక్సైడ్ కలిపిన గాలి ఇస్తే బొమ్మకు వచ్చే సిగ్నల్ చిన్నదవుతుంది. అంతమాత్రాన నాడీకణాల పని తగ్గిందని తేల్చకూడదు. ఇంకో సంగతి, డాప్లర్ కొలిచేది వేగం, పారిన రక్తం కాదు. ధమని కూడా వెడల్పైతే అసలు పెరుగుదల ఈ అంకెల కంటే ఎక్కువే.

అభ్యాసం: గబగబా ఊపిరి తీయిస్తే మొదటి వేగం 30, బొమ్మ చూపితే 36. సెంటీమీటర్లలో ఎంత, శాతంలో ఎంత? మామూలు గాలి అంకెలతో పోల్చి, ఏది మారింది, ఏది మారలేదు, రెండు వాక్యాల్లో రాయండి. జవాబు 5వ పాఠంలో.